బండికీ బండికీ నడుమ: లొరెంజో కాఫిన్ జీవితం

దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో బొంబాయి దాకా పోయి, అక్కడ ఫ్లైట్ ఎక్కిన రోజులు మనలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. పెద్ద స్టేషన్‌లో బండి ఎక్కువసేపు ఆగితే చాయ్ కోసం దిగి, ప్లాట్‌ఫాం చివరిదాకా నడిచినవాళ్ళు ఒక పని చూసే ఉంటారు. ఇంజను మెల్లగా వెనక్కి వస్తుంది. రైల్వే మనిషి ఒకతను వంగి ఇంజనుకూ పెట్టెకూ నడుమ దూరి, బరువైన కొక్కెం ఎత్తి తగిలించి, స్క్రూ తిప్పి బిగిస్తాడు. పాత పెట్టెలకు ఆ పద్ధతే. ఇప్పుడొచ్చే ఎల్‌హెచ్‌బీ పెట్టెలకు, గూడ్స్ వ్యాగన్లకు అది లేదు. రెండు చేతుల వేళ్ళు మడిచి ఒకదాంట్లో ఒకటి ఇరికిస్తే ఎట్లా పట్టుకుంటాయో, రెండు ఇనుప పిడికిళ్ళు గుద్దుకుని అట్లా పట్టుకుంటాయి. పట్టుకునే ఆ క్షణంలో మనిషి నడుమ నిలబడే పని లేదు.

అటువంటి ఇనుప పిడికిలి ప్రతి బండికీ ఉండి తీరాలని అమెరికాలో చట్టం వచ్చేదాకా ఒక రైతు దాదాపు ఇరవై ఏళ్ళు కాళ్ళరిగేలా తిరిగాడు. ఆయన పేరు లొరెంజో కాఫిన్. ఇంగ్లీషులో ఆ ఇంటి పేరుకు శవపేటిక అని అర్థం. శంషాబాద్ కార్గో గేటు దగ్గర మనవాళ్ళు ఎదురుచూసి తీసుకుపోయే పెట్టె పేరది. పేరు అట్లా ఉన్నా, ఆ పెట్టెలు తగ్గించిన మనిషి ఈయన.

ఈ ఏడు పుస్తకంలో ఒక గొప్పవాళ్ళ జీవితం రాయమని ఫోరం వాళ్ళు అడిగినప్పుడు మేము ఈయనను ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. అది ముందే చెప్పుకుంటే మంచిది.

మూడేళ్ళ కింద మా సైటులో జగిత్యాల దిక్కు పిల్లవాడు ఒకడు గ్రైండర్ మీద పనిచేస్తున్నాడు. దానికి గార్డు లేదు. పొద్దున్నే వచ్చి అన్నా, గార్డు లేదు అని మాకు చెప్పాడు. స్టోర్ నుంచి తెప్పిస్తాం, అప్పటిదాకా మెల్లగా కానియ్యి అని మేమే అన్నాం. మధ్యాహ్నానికి డిస్కు పగిలి ఎడమ చేతి రెండు వేళ్ళు పోయినయి. రాత్రి రిపోర్టు రాయాల్సింది మేమే. కారణం అనే గడిలో, గార్డు లేదని తెలిసి కూడా పనిముట్టు వాడాడు అని రాశాం. అందులో అబద్ధం ఒక్క మాట లేదు. అతనికి తెలుసు, తెలిసే వాడాడు. ఆ ఒక్క మాట మీద అతనికి రావలసిన పైసలు ఎన్ని నెలలు ఆగినయో తర్వాత చూశాం. తెలిసే చేశాడు అనే ఈ మాటకు చాలా పాత చరిత్ర ఉందనీ, దాన్ని ఒక దేశపు చట్టంలో నుంచి తీసేయించిన వాళ్ళలో కాఫిన్ ముందు వరుసలో ఉన్నాడనీ ఇటీవలే చదివి తెలుసుకున్నాం.

కాఫిన్ 1823 ఏప్రిల్‌లో అమెరికా ఈశాన్యంలో ఉన్న న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో, ఆల్టన్ అనే ఊళ్ళో పుట్టాడు. ఒహైయో రాష్ట్రంలో బడిపంతులుగా పనిచేశాడు. తర్వాత కాలంలో అమెరికా అధ్యక్షుడైన గార్‌ఫీల్డ్ అక్కడ ఆయన దగ్గర చదువుకున్నాడు. 1850లలో ఇంకా పడమరకు పోయి, అయోవా రాష్ట్రంలోని ఫోర్ట్ డాడ్జ్ దగ్గర భూమి తీసుకుని సేద్యంలో దిగాడు. అంతర్యుద్ధం వచ్చినప్పుడు అయోవా 32వ పటాలంలో చేరి, ఆ పటాలానికి మతబోధకుడుగా ఉన్నాడు. యుద్ధం అయ్యాక మళ్ళీ అదే పొలం. స్థానిక పత్రికలో పంటల గురించి, పశువుల గురించి రాసేవాడు. యాభై ఏళ్ళ వయసు దాకా రైలు కార్మికులతో ఆయనకు ఏ సంబంధమూ లేదు.

1874లో ఒకరోజు బండిలో పోతుంటే ఒక స్టేషన్‌లో వ్యాగన్లు తగిలించడానికి ఆపారు. ఈయన చూస్తుండగానే, ఆ పని చేస్తున్న కుర్రవాడి చెయ్యి నలిగి రెండు వేళ్ళు పోయినయి. అదే చేతి మిగతా వేళ్ళు అంతకు ముందే ఇదే పనిలో పోయినయని కాఫిన్‌కు అప్పుడు తెలిసింది. అక్కడున్న రైలు మనుషులు దాన్ని పెద్ద వింతగా తీసుకోలేదు. ఈయనను పట్టి కుదిపింది అదే.

అప్పటి పద్ధతి ఏమిటో మన పనివాళ్ళకు విప్పి చెప్పాలి. వ్యాగన్‌కు వ్యాగన్ తగిలించడానికి లింకు, పిన్ను ఉండేవి. లింకు అంటే గొలుసు కడియం లాంటి పొడుగు ఇనుప వలయం. ఒక వ్యాగన్ నిలబడి ఉంటుంది, రెండోది దొర్లుకుంటూ వస్తుంది. బ్రేక్‌మ్యాన్ ఆ రెంటి నడుమ నిలబడి, లింకును చేత్తో ఎత్తి పట్టుకుని ఎదుటి వ్యాగన్ రంధ్రంలోకి పోనిచ్చి, పైనుంచి పిన్ను వెయ్యాలి. చెయ్యి లాక్కోవడం రెప్పపాటు ఆలస్యమైతే వేళ్ళు పోతాయి. వ్యాగన్ల ఎత్తులు ఒక్కతీరుగా లేకపోతే, లేదా పట్టాల మధ్య కాలు ఇరుక్కుంటే మనిషే పోతాడు. పనికి కొత్తగా వచ్చినవాడి చేతివేళ్ళు లెక్కపెట్టి ఎన్నేళ్ళ అనుభవమో ఫోర్‌మ్యాన్‌లు అంచనా వేసేవారని అప్పట్లో చెప్పుకునేవారు.

బ్రేకుల సంగతి ఇంకోటి. గూడ్స్ బండికి ప్రతి వ్యాగన్ పైకప్పు మీద ఒక చక్రం ఉండేది. ఇంజను కూత పెట్టగానే బ్రేక్‌మ్యాన్‌లు కప్పుల మీద పరుగెత్తి, ఒక వ్యాగన్ మీది నుంచి ఇంకో వ్యాగన్ మీదికి దూకుతూ ఆ చక్రాలు చేత్తో తిప్పాలి. రాత్రిపూట, మంచు గడ్డకట్టిన కప్పు మీద, బండి నడుస్తుండగా. పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఎత్తులో పనిచేసే మన స్కాఫోల్డింగ్ తమ్ముళ్ళకు ఇంతకంటే వివరం అక్కరలేదు. మామూలు బీమా కంపెనీలు బ్రేక్‌మ్యాన్‌లను చేర్చుకునేవి కావు. అందుకే 1883లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒనియోంటాలో బ్రేక్‌మ్యాన్‌లే సంఘం పెట్టుకుని, చందాలు వేసుకుని తమ బీమా తామే నడుపుకున్నారు.

పరికరాలు లేక కాదు. జార్జ్ వెస్టింగ్‌హౌస్ ఎయిర్ బ్రేకుకు 1869లోనే పేటెంట్ తీసుకున్నాడు, అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్ళు. బట్టల దుకాణంలో గుమాస్తాగా ఉండిన ఎలీ జానీ, కర్రతో చెక్కి నమూనా చేసి, 1873లో ఆ ఇనుప పిడికిలి కప్లింగుకు పేటెంట్ పొందాడు. ప్రయాణికుల బండ్లకు ఎయిర్ బ్రేకులు వచ్చినయి కూడా. గూడ్స్ బండ్లకు మాత్రం రాలేదు. లక్షల వ్యాగన్లు, ఒక్కో కంపెనీది ఒక్కో రకం, అన్నిటికీ మార్చాలంటే బోలెడు ఖర్చు. మనిషికి దెబ్బ తగిలితే మాత్రం కంపెనీకి ఖర్చు దాదాపు లేదు.

ఎందుకు లేదంటే కోర్టు తీర్పుల వల్ల. 1842లో మసాచుసెట్స్ రాష్ట్రంలో ఫార్వెల్ అనే ఇంజను డ్రైవర్ కేసు తేలింది. వేరే ఉద్యోగి పట్టాల మలుపు తప్పుగా పెట్టడంతో ఇంజను పట్టాలు తప్పి ఇతని కుడి చెయ్యి పోయింది. ప్రధాన న్యాయమూర్తి లెమ్యూల్ షా ఇచ్చిన తీర్పు సారాంశం ఇది: రోజుకు రెండు డాలర్ల కూలి ఇస్తున్నారంటే అందులో పని ప్రమాదం ధర కూడా కలిసే ఉంది, తోటి పనివాడి తప్పు కూడా ఆ ప్రమాదాల్లో ఒకటి, కంపెనీకి బాధ్యత లేదు. ఇదే దారిలో మూడు అడ్డుగోడలు కట్టుకున్నారు. తప్పు తోటి పనివాడిదైతే పరిహారం లేదు. గాయపడ్డవాడి అజాగ్రత్త కొంచెం ఉన్నా లేదు. పరికరం బాగాలేదని తెలిసి కూడా పనిలో కొనసాగితే, ప్రమాదాన్ని తనే ఒప్పుకున్నట్టు లెక్క, అప్పుడు కూడా లేదు.

మూడోది చదివినప్పుడు మా రిపోర్టు మాకు గుర్తొచ్చింది. లింకు, పిన్నుతో వేళ్ళు పోతాయని తెలియని బ్రేక్‌మ్యాన్ ఎక్కడ ఉంటాడు? అందరికీ తెలుసు. కాబట్టి అందరూ ఒప్పుకున్నట్టే.

కాఫిన్ లాయరు కాదు, ఇంజనీరు కాదు. ఆయన దగ్గర ఉన్నది కలం, సమయం, పొలం మీద వచ్చే పైసలు. పత్రికలకు, చర్చి వారపత్రికలకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. ఎవరు పిలిచినా, పిలవకపోయినా సొంత ఖర్చుతో పోయి మాట్లాడాడు. రైల్వే పెద్దలకు ఈయన ఒక తలనొప్పి, పిచ్చివాడి కింద లెక్క. 1883లో అయోవా రాష్ట్ర రైల్వే కమిషనర్లలో ఒకరుగా నియమించారు. పదవి రాగానే మనిషి సల్లబడతాడని ఎవరైనా అనుకుని ఉంటే పొరపాటే. కమిషనర్ హోదాతో ప్రమాదాల లెక్కలు తీయడం మొదలుపెట్టాడు, వ్యాగన్లు కట్టే ఇంజనీర్ల సంఘం సమావేశాలకు పోయి వాళ్ళ ముందే అడిగాడు. వాళ్ళ జవాబు ఎప్పుడూ ఒకటే: కప్లింగులకు వేల పేటెంట్లు ఉన్నాయి, ఏది మంచిదో తేలలేదు, పొడుగు గూడ్స్ బండిని ఎయిర్ బ్రేకు ఆపగలదని రుజువు లేదు.

రుజువు ఆయన ఉన్న అయోవాలోనే జరిగింది. 1886లో మిసిసిపీ నది ఒడ్డున ఉన్న బర్లింగ్టన్‌లో, 50 వ్యాగన్ల బండ్లతో బ్రేకుల పరీక్ష పెట్టారు. అది బాగా జరగలేదు. ముందు వ్యాగన్లకు బ్రేకు పడ్డాక వెనకవాటికి గాలి చేరేసరికి ఆలస్యమై, అవి వచ్చి ముందువాటిని గుద్దుకున్నాయి. చివరి వ్యాగన్లలో ఉన్నవాళ్ళు విసిరి కొట్టినట్టు పడ్డారు. వద్దనేవాళ్ళకు మంచి సాకు దొరికింది. 1887లో మళ్ళీ పెట్టినా మొదట అదే గతి. వెస్టింగ్‌హౌస్ వదల్లేదు. వాల్వును మార్చి, ముందు నుంచి వెనకకు గాలి సంకేతం క్షణాల్లో పోయేటట్టు చేశాడు. ఆ ఏడాదే 50 వ్యాగన్ల బండి కుదుపు లేకుండా ఆగింది. ఆ బండినే ఊరూరికీ తిప్పి చూపించాడు. కప్లింగుల్లో జానీ రకాన్ని ఆ ఇంజనీర్ల సంఘమే ప్రమాణంగా ఒప్పుకుంది. ఇగ కుదరదు అనడానికి సాకు లేదు, అయినా కంపెనీలు మెల్లమెల్లగానే కదిలినయి.

ఇక్కడ ఒక మాట. కాఫిన్ ఒక్కడే ఇదంతా చేశాడని రాస్తే అది న్యాయం కాదు. బ్రేక్‌మ్యాన్‌ల సంఘాలు బలపడ్డాయి, వెస్టింగ్‌హౌస్‌కు తన బ్రేకులు అమ్ముకోవాలని ఉంది, రాష్ట్రాల కమిషనర్లలో ఇంకా కొందరు అడిగారు. కానీ ఏ సంఘం మనిషీ కాకుండా, అమ్ముకునే సరుకేమీ లేకుండా ఏళ్ళ తరబడి ఇదే పని పెట్టుకున్నవాడు ఆయన.

1890లో అయోవా శాసనసభ ఆటోమేటిక్ కప్లింగులు, బ్రేకులు పెట్టాలని చట్టం చేసింది. దాని వెనుక కాఫిన్ ఉన్నాడు. అయితే బండి అయోవాలో బయలుదేరి తెల్లారేసరికి ఇంకో రాష్ట్రంలో ఉంటుంది, ఒక రాష్ట్రం చట్టం దానికి సరిపోదు. వాషింగ్టన్‌లో చట్టం కావాలి. అప్పటి అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ 1889లో కాంగ్రెస్‌కు పంపిన సందేశంలోనే ఈ విషయం ఎత్తాడు. 1888 జూన్‌తో ముగిసిన ఏడాదిలో 2,000 మందికి పైగా రైలు ఉద్యోగులు పనిలో చనిపోయారని, 20,000 మందికి పైగా గాయపడ్డారని అందులో చెప్పాడు. ఆ తర్వాత కూడా మళ్ళీ అడిగాడు. కాఫిన్ వాషింగ్టన్ పోయి సభ్యుల చుట్టూ తిరిగాడు. బిల్లులు వచ్చాయి, ఆగిపోయాయి, మళ్ళీ వచ్చాయి.

1893 మార్చి 2న, పదవి దిగిపోవడానికి రెండు రోజుల ముందు హారిసన్ ఆ చట్టం మీద సంతకం పెట్టాడు. సంతకం పెట్టిన కలాన్ని కాఫిన్ చేతికి ఇచ్చారు.

చట్టంలో ఏముందంటే: వ్యాగన్లు గుద్దుకోగానే వాటంతట అవే తగులుకోవాలి, విడదీయడానికి మనిషి నడుమకు పోవాల్సిన అవసరం ఉండకూడదు. ఇంజను డ్రైవరే బండి వేగాన్ని అదుపు చేసేటట్టు సరిపడా వ్యాగన్లకు బ్రేకులు ఉండాలి. వ్యాగన్లకు చేతిపట్టులు ఉండాలి. ఉల్లంఘన ఒక్కోదానికి 100 డాలర్ల జరిమానా. కంపెనీలకు 1898 జనవరి దాకా గడువు ఇచ్చారు, తర్వాత అది 1900 ఆగస్టు దాకా పొడిగింది.

ఆ చట్టం ఎనిమిదో సెక్షన్ మా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. చట్టానికి విరుద్ధమైన వ్యాగన్ వల్ల ఉద్యోగి గాయపడితే, ఆ లోపం అతనికి ముందే తెలిసినా, తెలిసి పనిలో కొనసాగినా, ప్రమాదాన్ని అతను ఒప్పుకున్నట్టు లెక్కించకూడదు. అంటే మేము రాసిన ఆ వాక్యం అక్కడ చెల్లదు. పెట్టాల్సిన పరికరం పెట్టనిది ఎవరు అన్నదే అక్కడ మొదటి ప్రశ్న. మా రిపోర్టులో ఆ ప్రశ్నకు గడి లేదు. ఉండి ఉంటే స్టోర్ పేరు, దాని పక్కన మా పేరు రాయాల్సి వచ్చేది.

చట్టం వచ్చినా కోర్టులో గెలవడానికి ఇంకా టైం పట్టింది. గడువు ముగిసి చట్టం అమల్లోకి వచ్చిన నాలుగు రోజులకే, 1900 ఆగస్టు 5న, యూటాలోని ప్రొమంటరీ దగ్గర జాన్సన్ అనే బ్రేక్‌మ్యాన్ ఇంజనుకు భోజనశాల పెట్టెను తగిలించబోయాడు. రెంటికీ ఆటోమేటిక్ కప్లింగులే, కానీ ఒకటి జానీ రకం, ఇంకోటి మిల్లర్ రకం. ఒకదానికొకటి పట్టవు. చివరికి నడుమకు పోయి చేత్తో పట్టించబోతే చెయ్యి నలిగి మణికట్టు పైన తీసేయాల్సి వచ్చింది. కింది కోర్టులు సదరన్ పసిఫిక్ కంపెనీ దిక్కే చెప్పాయి. దేనికది ఆటోమేటిక్ కప్లింగు ఉంది కదా, ఒకదాంతో ఒకటి తగులుకోవాలని చట్టంలో ఎక్కడుంది అని అప్పీలు కోర్టు వాదన. సేఫ్టీ బెల్టు ఇచ్చాం, కట్టుకునే చోటు లేకపోతే మాదా బాధ్యత అన్నట్టుంది అది. 1904లో సుప్రీం కోర్టు ఆ తీర్పులను కొట్టేసింది. మనిషిని నడుమకు పోనీయకుండా ఉండటమే చట్టం ఉద్దేశమని, జాన్సన్ తెలిసి పోయాడన్న మాట ఆ చట్టం కింద చెల్లదని తేల్చింది.

అయినా మిగతా రెండు గోడలు నిలబడే ఉన్నాయి. 1906లో ఉద్యోగుల పరిహారం కోసం చేసిన చట్టాన్ని 1908 మొదట్లో సుప్రీం కోర్టు కొట్టేసింది. అదే ఏడాది కాంగ్రెస్ మళ్ళీ చేసింది. తోటి పనివాడి తప్పు అన్న గోడ పోయింది. ఉద్యోగి అజాగ్రత్త ఉంటే పరిహారం ఆ మేరకు తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు. కంపెనీ భద్రతా చట్టాన్ని ఉల్లంఘించడం వల్ల గాయమైతే ఆ తగ్గింపు కూడా లేదు. ఆ చట్టం అమెరికా రైలు కార్మికులకు నేటికీ ఉంది.

లెక్కలు చూస్తే, 1893లో కప్లింగు పనిలోనే 433 మంది చనిపోయారు, 11,277 మంది గాయపడ్డారు. ఉద్యోగుల సంఖ్య పెరుగుతూ పోయినా 1902 నాటికి ఈ ప్రమాదాలు రెండు వేల చిల్లరకు దిగినయి.

చట్టం వచ్చేసరికి కాఫిన్‌కు డెబ్బై ఏళ్ళు. ఇంట్లో కూర్చునే మనిషి కాదు. రైలు కార్మికుల చేత మద్యం మానిపించాలని ఒక ఉద్యమం నడిపాడు, మానేస్తానని మాట ఇచ్చినవాళ్ళు తెల్ల గుండీ ఒకటి చొక్కాకు పెట్టుకునేవారు. చలిలో రాత్రంతా కప్పుల మీద తిరిగిన బ్రేక్‌మ్యాన్‌లు ఆ గుండీని ఎంత సంతోషంగా పెట్టుకున్నారో మన క్యాంపుల్లో శుక్రవారాలు చూసినవాళ్ళు ఊహించుకోవచ్చు. జైలు నుంచి విడుదలైనవాళ్ళు నిలదొక్కుకునేదాకా ఉండటానికి తన పొలంలోనే ఒక ఇల్లు కట్టించాడు. 1908లో ఒక చిన్న పార్టీ ఈయనను దేశ ఉపాధ్యక్ష పదవికి అభ్యర్థిగా పెట్టింది. గెలుస్తాడని ఎవరూ అనుకోలేదు.

షికాగో దగ్గర హైలాండ్ పార్క్‌లో ముసలి, వికలాంగ రైలు కార్మికుల కోసం పెట్టిన ఆశ్రమానికి ఆయన చాలా కష్టపడ్డాడు. చట్టం రాకముందే చేతులు, కాళ్ళు పోగొట్టుకుని, ఏ పరిహారమూ అందక, ఇంటికి బరువైపోయిన మనుషులకు అది నీడ. ఎనిమిదో సెక్షన్ వాళ్ళకు ఆలస్యంగా వచ్చింది. 1915 జనవరి 17న, తొంభై ఒకటో ఏట, కాఫిన్ ఫోర్ట్ డాడ్జ్‌లో చనిపోయాడు.